కొండయే కోవెల

ఉండవల్లి గుహాలయమును ఎవరు కట్టించిరను ప్రశ్నము మన పండితులలోను పత్రికలలోను చిరకాలముగా నలుగుచున్నది. సమాధానమును వెదకుటకు ముందు ప్రశ్నములోని మాట నొకదానిని సవరింపవలసి యున్నదని మాకు తోచుచున్నది. ఆ యాలయమును ఎవ్వరును కట్టలేదు. కట్టుట యనగా రాతిపై రాయి పేర్చుట, సున్నముతో నతుకుట, దూలము నెత్తుట, కప్పు వేయుట. ఉండవల్లిలో నిట్టి పని యొక్కటియు జరుగలేదు. అచ్చట జరిగినది తీసివేయుట. కొండలో నక్కఱలేని రాతిని ఉలితో తీసివేయగా మిగిలిన కొండయే స్తంభమైనది. మిగిలిన కొండయే కప్పైనది. ద్వారపాలకుడును, శేషునిపై పవ్వళించిన విష్ణువును మిగిలిన కొండయే. ఇది వట్టి పదచర్చ యని చదువరులు తలంపకుందురు గాక. కట్టిన గుడికిని చెక్కిన గుడికిని గల భేదమును మనము గ్రహింపలేదు. గ్రహింపకపోవుటచేతనే యీ యాలయములను పొగడుచునే పోగొట్టుకొను స్థితికి వచ్చినాము.

కట్టిన గుడికి జీర్ణోద్ధరణము కలదు. గోడ బీటలు వాఱినచో విప్పి మరల పేర్చవచ్చును. దూలము విఱిగినచో మఱియొక దూలము నెత్తవచ్చును. కడకు గుడినే యొకచోటినుండి వేఱొక చోటికి తరలింపవచ్చును. శ్రీశైలము జలాశయపు ముంపునకు లోనైన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి ఆలంపురమునకు తెచ్చి నిలిపిన సంగతి మన యెఱుకలోనిదే. నాగార్జునకొండ లోయను 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి, బయల్పడిన కట్టడములలో ముఖ్యమైనవానిని ద్వీపముగా మిగిలిన కొండపైకిని, అనుపునకును చేర్చిరి. ఉండవల్లి శేషశాయి నెవ్వరు కదలింపగలరు? ఆయన వీపు కొండ కంటియున్నది. అంటియున్నదనుటయు సరికాదు; ఆయనయే కొండ. ఆ మూర్తిలో నొక వ్రేలు విఱిగినచో దాని స్థానమున మనము పెట్టునది అతుకే యగును గాని వ్రేలు కానేరదు. చెక్కిన గుడిలో పోయినది పోయినదే.

ఈ పని నెఱిగి చేసినవాడు తన గొప్పను కూడ విచిత్రముగా చాటుకొనెను. తమిళదేశమున విలుప్పురము ప్రాంతమున మండగపట్టు అను నొక గ్రామము కలదు. అచ్చటి గుహాలయమున పల్లవ రాజైన మొదటి మహేంద్రవర్మ క్రీ. శ. 7వ శతాబ్ది మొదటి భాగమున వ్రాయించిన సంస్కృత శాసనము కలదు. బ్రహ్మకు, ఈశ్వరునకు, విష్ణువునకు తానొక యాలయమును చేయించితిననియు, అందు ఇటుక గాని, కొయ్య గాని, లోహము గాని, సున్నము గాని లేదనియు దాని భావము. రాజులు సామాన్యముగా తాము వెచ్చించినదానిని చెప్పుకొందురు. ఈతడు తాను వెచ్చింపనిదానిని చెప్పుకొనెను. విచిత్రచిత్తుడను బిరుదు ఈతనికి తగియున్నది! ఆ నాలుగు వస్తువుల పేర్లవలన మన కొక చరిత్రాంశము తెలియుచున్నది: అంతకు ముందటి దేవాలయములు ఆ వస్తువులతోనే కట్టబడుచుండెను. కొయ్య చివికినది, ఇటుక కరగినది, లోహమును దొంగలు దోచిరో రాజులు కరగించిరో, అవి యన్నియు పోయినవి. మహేంద్రవర్మ నిలుచుదానిని కోరెను.

ఇతడే యీ విద్యకు మొదటివాడని చెప్పుట సత్యము కాదు. మాళవమున ఉదయగిరి గుహలలో నొకదానియందు గుప్త చక్రవర్తియైన రెండవ చంద్రగుప్తుని కాలపు శాసనము క్రీ. శ. 401 నాటిది. బాదామిలో చాళుక్య మంగళేశుడు విష్ణువునకు చేయించిన పెద్ద గుహాలయము శక సంవత్సరము 500, అనగా క్రీ. శ. 578 నాటిది. కాని బాదామిది ఇసుకరాయి. ఉలి కది లొంగును. మహేంద్రవర్మ చేపట్టినది కఠినమైన నల్లరాతి జాతి. అతని గుహలలోని స్తంభములు అడుగునను పైనను చదరముగా, నడుమ మాత్రము ఎనిమిది పలకలుగా, నలంకార మెక్కువ లేక నిలుచుటకు కారణము శిల్పికి కౌశలము చాలకపోవుట కాదు. రాయి యంతకు మించి యీయలేదు. బాదామి గుహలలోని నగిషీని చూచి వచ్చి దక్షిణపు గుహలను మోటుపని యనువారు రాతిని తట్టి చూచినవారు కారు.

చెక్కు విధానమును గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. ఏలయన మనలో ననేకులు ఈ గుహలను రాక్షసులో దేవతలో ఒక్క రాత్రిలో చేసిరని చెప్పుకొని తృప్తినొందుదురు. తొలినాళ్ళ యూరోపియనులు కొందఱు ఈజిప్టువారికో, అలెగ్జాండరు వెంట వచ్చిన గ్రీకులకో ఈ గౌరవమును కట్టబెట్టిరి. రెంటిలోను మన తాతలగు రాతిపనివారికి చోటు లేదు. నిజమునకు జరిగిన దేమనగా: శిల్పి మొదట కొండముఖమును కొంత చదును చేసి, దానిపై అడ్డముగను నిలువుగను గీతలు గీసి చదరములుగా పంచుకొనెను. ఆ గీతల వెంబడి ఉలితో లోతుగా గాడులు తీసెను. గాడుల నడుమ మిగిలిన దిమ్మలను ఒక్కొక్కటిగా పగులగొట్టి తొలగించెను. ఒక పొర పోయిన పిదప మరల గీతలు, మరల గాడులు, మరల దిమ్మలు. ఇది మా యూహ కాదు. మహాబలిపురమున సగములో విడిచిన గుహలయందు ఆ చదరములు నేటికిని కానవచ్చుచున్నవి. పూర్తియైన గుడి పనివాని శ్రమను దాచును. విడిచిన గుడి దానిని చూపును. మహాబలిపురము పోవువారు రథములముందు నిలిచి ఫొటోలు తీయించుకొనుటతో సరిపుచ్చుకొనక, పూర్తికాని యా గుహల యొద్ద నొక గడియ నిలువవలెనని మా విన్నపము.

స్తంభము నిలుపుట యను మాటయు నిచ్చట చెల్లదు. స్తంభము రాదగినచోట రాతిని ముట్టక విడిచి, దాని కిరుప్రక్కల నుండి వెనుకకు త్రవ్వుకొనుచు పోవలెను. గర్భగృహము ఎంత లోతుననుండునో, మండపము కప్పు ఎంత యెత్తో, ద్వారపాలకుడు గోడనుండి ఎంత ముందునకు వచ్చునో, ఇదంతయు మొదటి ఉలిదెబ్బకు ముందే నిర్ణయము కావలెను. కట్టువాడు గోడ నాలుగడుగులు లేచిన పిదప మనసు మార్చుకొనవచ్చును. చెక్కువాని కా స్వేచ్ఛ లేదు. ద్వారపాలకుని గదకై విడిచిన రాయి యొక పెళ్ళ ఊడిపడెనా, ఇక ఆ గద నక్కడ నుంచుట కుదరదు. కనుకనే కొన్ని గుహలలో కుడియెడమలు సరిపోలవు. మఱియు పని పైనుండి క్రిందికి దిగును. మహాబలిపురపు రథములలో పైభాగములు నునుపు తేఱియుండగా అడుగుభాగములు మొఱటుగా మిగిలియుండుటకు హేతువిదియే. కట్టువాడు పునాదితో మొదలిడి శిఖరముతో ముగించును. చెక్కువాడు శిఖరముతో మొదలిడి పాదముతో ముగించును. పరంజాతో నతనికి పనిలేదు. తాను నిలుచుటకు కావలసిన నేల అతని కాళ్ళక్రింద నున్న కొండయే.

ఇంతటి రాతిపనిలోను శిల్పి కొయ్యగుడిని మఱువలేదు. ఏలూరు సమీపమున గుంటుపల్లి కొండలో క్రీస్తునకు పూర్వపు బౌద్ధ గుహ యొకటి గుండ్రముగా తొలిచియున్నది. దాని కప్పున వాసములు, బద్దెలు వరుసగా దిగియున్నట్లు చెక్కియున్నవి. ఆ వాసములు దేనిని మోయుటలేదు. అయినను తాటాకు గుడిసెయో, కొయ్య గుడియో యెఱిగిన కన్నునకు కప్పు అనగా వాసములుండవలెను. ఆ గుహలోని స్తూపమును పల్లెవారు ధర్మలింగేశ్వరు డని కొలుచుట వేఱు సంగతి. దేవుడు మాఱెను గాని గుడి మాఱలేదు. మహాబలిపురమున ద్రౌపది రథము అచ్చముగా పూరికప్పు గుడిసెయే. గుహాలయముల చూరులపై వరుసగా కనబడు కూడులను గుఱ్ఱపునాడా వంటి కమానులు, వంచిన కొయ్యతో కట్టిన పాతకాలపు ఇంటి కప్పు ముఖములు.

ఈ కారణముచేత గుహాలయములు వాస్తువు కావు, పెద్ద యెత్తున చేసిన శిల్పములే యని కొందఱు విమర్శకులు వ్రాసిరి. ఈ మాటను మేము పూర్తిగా త్రోసివేయము. వాసములు, బోదికలు నటనయే కావచ్చును. స్తంభములు నటన కావు. వానిపై కొండ యున్నది. స్తంభమునకును స్తంభమునకును ఎంత యెడముండవచ్చునో, కప్పు ఎంత మందముగా మిగుల్చవలెనో, పగులు వాఱిన రాతిలో ఎంతవఱకు పోవచ్చునో నిర్ణయించినవాడు బొమ్మలు చెక్కువాడు మాత్రమే కాడు, భారము నెఱిగినవాడు. ఆ లెక్క తప్పలేదనుటకు పదమూడు పదునాలుగు వందల యేండ్లుగా నిలిచిన కప్పులే సాక్ష్యము.

ఈ విద్య పరాకాష్ఠ నందినది ఎల్లోరాలో. రాష్ట్రకూట మొదటి కృష్ణుడు (క్రీ. శ. 756–773) చేయించిన కైలాసము గుహ కూడ కాదు. కొండపైనుండి మూడు ప్రక్కల కందకములు దింపి, నడుమ నొక పెద్ద దిమ్మను విడిచి, ఆ దిమ్మను శిఖరము మొదలు పాదమువఱకు గుడిగా మలచిరి. త్రవ్విన యావరణము 276 అడుగుల పొడవు, 154 అడుగుల వెడల్పు. వెనుకవైపున కొండ 107 అడుగుల యెత్తున నిట్టనిలువుగా కోయబడియున్నది. క్రీ. శ. 812 ప్రాంతపు బడోదా తామ్రశాసనమున ఈ యాలయమును చూచి దేవతలు విస్మయ మొందిరనియు, దానిని చేసిన శిల్పియే తానిట్టిదానిని ఎట్లు చేయగలిగితినని యాశ్చర్యపడెననియు వర్ణన కలదు. రాజును పొగడుటకు పుట్టిన శాసనములో శిల్పి ఆశ్చర్యమునకు చోటు దొరకుట అరుదు; ఆ కవికి మేము నమస్కరించుచున్నాము. ఎల్లోరా 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిది; 1914లో నేర్పడిన అచ్చటి పురావస్తు శాఖ గులాం యజ్దానీగారి యాధ్వర్యమున దానిని రక్షించినది. తెలంగాణపు తెలుగువారు దానిని తమదిగా తలంచుట కిది యొక కారణము. కాని ఎల్లోరా చూచి వచ్చిన కన్నులతో ఉండవల్లిని చూచి పెదవి విఱుచుట మనవారిలో కొందఱి కలవాటైనది. పెద్దదానితో పోల్చి చిన్నదానిని నిర్లక్ష్యము చేయుటకంటె పెద్ద నష్టము లేదు. ఏలయన ఎల్లోరాను కాచుటకు లోకమంతయు నున్నది. 1983లోనే అది ప్రపంచ వారసత్వ స్థలముల పట్టిక కెక్కినది. ఉండవల్లిని కాచుటకు మనమే యున్నాము.

కృష్ణకు దక్షిణపు గట్టున, తాడేపల్లి చెంత, కొండవాలున నాలుగంతస్తులుగా ఉండవల్లి యాలయము తొలిచియున్నది. అంతస్తులు నిట్టనిలువుగా ఒకదానిపై నొకటి నిలువక, కొండవాలు ననుసరించి పైపైకి పోవుకొలది వెనుకకు జరిగియున్నవి. వాలును గోడగా మార్చుటకు శిల్పి పెనగులాడలేదు, వాలునే మెట్లుగా వాడుకొనెను. అన్నిటికంటె క్రింది మండపము పూర్తికాలేదు. రెండవదానిలో త్రిమూర్తులకు గర్భగృహములు కలవు. మూడవదానిలో పదునైదడుగులకు మించిన నిడుపున శేషశాయి పవ్వళించియున్నాడు. నాలుగవది మొదలిడి విడిచినది. ముఖభాగము పొడవు రమారమి 95 అడుగులు. ఏటి కావలిగట్టున విజయవాడలో మొగల్రాజపురపు కొండకు అయిదు గుహలు కలవు. కనకదుర్గ వెలసిన ఇంద్రకీలాద్రి పాదమున అక్కన్న మాదన్న గుహలు కలవు. ఈ పేరు చిత్రమైనది. అక్కన్న మాదన్నలు 17వ శతాబ్దిలో గోలకొండ తానాషా కొలువున మంత్రులు. గుహలు వారికి వేయి సంవత్సరముల మున్నటివి. చేసినవాని పేరు మఱచిన జనము, తమకు జ్ఞప్తియున్న పెద్దమనుష్యుల పేరు పెట్టుకొన్నారు.

చేసిన రాజు పేరు చెప్పు ప్రతిష్ఠాశాసనము ఉండవల్లిలో లేదు. ఆ ఖాళీలో పండితులు రాజవంశములను నిలిపి పోరాడుచున్నారు. పుదుచ్చేరిలో నుండిన ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రోయి యీ గుహలు విష్ణుకుండినుల వనియు, మహేంద్రవర్మ యీ విద్యను కృష్ణాతీరముననే నేర్చి తమిళదేశమునకు కొనిపోయె ననియు వాదించెను. మహేంద్రవర్మ బిరుదములలో కొన్ని తెలుగు పలుకులుండుట ఆ వాదమునకు బలమిచ్చినది. లాంగ్‌హర్‌స్టు 1924లో వీనిని పల్లవుల పనులలో చేర్చెను. తరువాతివారు కొందఱు స్తంభముల రీతిని, మూర్తుల లక్షణములను పరీక్షించి వేంగీ చాళుక్యుల కాలమునకు దింపిరి. విద్య ఉత్తరమునుండి దక్షిణమునకు పోయెనను మాట తెలుగువారి చెవి కింపుగా నుండును. మా చెవికిని నింపుగానే యున్నది. కాని యింపైనదంతయు నిర్ణయమైనది కాదు. ఈ తగవులో మాకు కొఱతగా తోచున దొక్కటి: మూడు వంశములవారును రాజుల లెక్కయే చూచుకొనుచున్నారు. రాజు మాఱినను ఉలి పట్టినవాడు ఆ కొండల చుట్టుపట్లనే యుండి, ఏ రాజు పిలిచిన నా రాజునకు పనిచేసియుండవచ్చును గదా! ఒకే రీతి మూడు రాజ్యములలో కనబడుట కిది సులభమైన సమాధానము. కాని రాతిపనివానికి వంశవృక్షము లేదు. అతని పక్షమున వాదించు సభ లేదు.

వంశగౌరవమునకై యింత సిరా వ్యయపఱచు మనము, ఆ కొండలను మాత్రము కొండలుగానే లెక్కించుచున్నాము. ఈ విషయమున మన పూర్వచరిత్ర ముచ్చటైనది కాదు. ఉండవల్లికి ఎగువన అదే కృష్ణ యొడ్డున అమరావతి మహాస్తూపము నేమి చేసితిమి? 18వ శతాబ్ది చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతీ పట్టణమును కట్టించుకాలమున స్తూపపు రాళ్ళను కట్టుబడికి కొనిపోయిరి. చలువరాళ్ళవంటి ఆ పలకలను సున్నమునకై కాల్చినవారును కలరు. మిగిలినవానిలో ననేకములను ఆంగ్లేయు లుద్యోగులు త్రవ్వి తీసి, 1859లో ఓడ నెక్కించి లండను చేర్చిరి. అవి నేడు బ్రిటిషు మ్యూజియమున నున్నవి. పరాయివాడు కొనిపోయెనని మనము వగచుట న్యాయమే. అతడు వచ్చుటకు ముందే మనవారు సున్నము కాల్చుకొనిరను మాటను దాచుట న్యాయము కాదు. ఉండవల్లి శేషశాయిని ఏ ఓడయు నెక్కింపలేకపోయిరి. ఎత్తలేనిది కనుక మిగిలినది. ఇపుడు దానికి వచ్చిన ముప్పు వేఱు విధమైనది.

1852 మొదలు 1855 వఱకు కృష్ణకు ఆనకట్ట కట్టినపుడు ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ నది యిఱుకైనచోటు నేరుకొనిరి. రాతికి దూరము పోనక్కఱ లేకుండెను. ఇరుగడల కొండలనే పగులగొట్టిరి. ఆ రాతితో ఆపిన నీరే డెల్టా చేలకు పాఱినది. ఆ పంటతోనే మన గ్రామములలో మేడలు లేచినవి, మన పిల్లలు చదువుకొనిరి. 1957లో దానికి బదులుగా ప్రకాశము బ్యారేజి వచ్చినది. ఈ చరిత్రను మేము నిందింపము. ఆకలిగొన్న దేశమునకు రాతిని నీటిగా మార్చిన పని యది. కాని నాటి యవసరము వేఱు, నేటి యవసరము వేఱు. నేడు కొండ కంకరయై ఇండ్ల పునాదులకును, రోడ్లకును పోవుచున్నది. మట్టి మెరకలకు పోవుచున్నది. కంకర కొనువారు లారీ ఎన్ని టన్నులని యడుగుదురు గాని ఏ కొండదని యడుగరు. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప రాజధాని నగరమునకై చేర్చిన గ్రామములలో ఉండవల్లి యొకటి. నగరము లేచుచోట కంకరకు గిరాకి యెట్లుండునో వేఱుగా చెప్పనేల?

గుహను తాకక ప్రక్కకొండను పగులగొట్టిన నష్టమేమని యడుగువారు కలరు. వారికి మా సమాధానము రాతి స్వభావములో నున్నది. కొండ యొక్క ముక్క కాదు. దానిలో సహజమైన పగుళ్ళ వరుసలు కలవు. మందుపెట్టి పేల్చినపుడు అదురు ఆ పగుళ్ళ వెంట ప్రాకును. వెండ్రుక మందపు పగులు గోరంత యగును. వానకాలమున కొండపైని నీరు ఆ దారిని దిగి గుహ కప్పున చెమ్మగా తేలును. చెమ్మతోపాటు రాతిలోని లవణములు పైకి వచ్చి పెచ్చులు లేపును. పగులులో రావివిత్తు పడినచో ఉలి చేయలేని పనిని వేరు చేయును. కట్టిన గుడికి పైకప్పు వేఱు, కొండ వేఱు. చెక్కిన గుడికి కొండ శిఖరమువఱకు పైకప్పే. గుహ చుట్టు కంచె వేసి శిఖరమును విడిచిపెట్టుట, ఇంటికి తలుపు బిగించి కప్పును విప్పుకొనుట వంటిది.

ఇక భక్తులును, బాగుచేయువారును చేయు హాని యొకటి కలదు. ఊరి నడుమ గుహలో దేవుడున్నాడనగానే సున్నము వేయుట, రంగులు పూయుట, ముందు సిమెంటు మండపము కట్టుట మనకు పుణ్యకార్యముగా తోచును. పొరపై పొరగా పూసిన సున్నము క్రింద కనుబొమ రేఖ, పెదవి వంపు మూసికొనిపోవును. సిమెంటు రాతితో కలియదు. దాని లవణములు రాతిలోని కెక్కును, అది బిగుసుకొని ప్రక్కరాతిని పగులదీయును. సదుద్దేశము చాలదనుటకు అజంతాయే ఉదాహరణము. 1920 తరువాత ఇటలీనుండి రప్పించిన నిపుణులు చిత్రములను కాపాడుటకే లక్క పూత పూసిరి. కాలక్రమమున ఆ పూతయే పసుపువాఱి చిత్రములను మఱుగుపఱచినది. దానిని తొలగించుటకు తరువాతివారు ఏండ్ల తరబడి పాటుపడవలసి వచ్చినది.

చట్టము లేకపోలేదు. 1904 నాటి ప్రాచీన కట్టడముల రక్షణ శాసనమునకు పిదప, స్వతంత్ర భారతమున 1958లో క్రొత్త చట్టము వచ్చినది. 1992లో నొక ప్రకటనచేత, రక్షిత స్థలము హద్దునుండి 100 మీటర్ల వఱకు కట్టడములను, గనుల త్రవ్వకమును నిషేధించి, ఆపై 200 మీటర్ల వఱకు అనుమతికి లోబఱచిరి. 2010 సవరణ ఆ హద్దులను చట్టములోనే చేర్చినది. ఇది మంచిదే. కాని యీ కొలత బయలులో నిలిచిన కట్టడమునకు సరిపోవు కొలత. కొండవాలు 100 మీటర్లతో ముగియదు; పగులు 300 మీటర్ల రాయిని చూచి ఆగదు. ఉండవల్లి, మొగల్రాజపురము, ఇంద్రకీలాద్రి, భైరవకొండ వంటి చోట్ల కొండను మొత్తముగా, పాదము మొదలు శిఖరమువఱకు, ఒకే రక్షిత కట్టడముగా ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. గుహ కొలతకాదు, కొండ కొలత కావలెను. దీనివలన కొందఱి పట్టాభూములకు, కొందఱి క్వారీ అనుమతులకు భంగము కలుగును. వారికి న్యాయమైన పరిహార మీయవలెను. ఈయక నోటిమాటతో భూమిని కట్టిపడవేయుట ప్రభుత్వమునకు తగదు. కాని పరిహారము లెక్క తేలలేదను సాకున పేలుళ్ళు సాగనిచ్చుటయు తగదు.

భైరవకొండను గూర్చి ప్రత్యేకముగా నొక మాట. పూర్వము నెల్లూరు మండలమున చేరియుండిన ఆ యడవికొండలో ఎనిమిది శివాలయములు రాతిలో తొలిచియున్నవి. చెంతనే జలపాతము కలదు. పట్టణపు ఒత్తిడి అచ్చట లేదు. కొండను మొత్తముగా రక్షించుట అచ్చటనే సులభము, ఖర్చును తక్కువ. కష్టమైనచోట మొదలిడి అలసిపోవుటకంటె సులభమైనచోట చేసి చూపుట రాజనీతి. మొగల్రాజపురములో పరిస్థితి వేఱు: గుహలకు కూతవేటు దూరముననే ఇండ్లు, సందులు, మురుగుకాలువలు. అచ్చట కాపలాదారు నొకనిని నిలుపుటతో పని తీఱదు. ఇరుగుపొరుగువారే కాపలాదారులు కావలెను.

ప్రభుత్వమును కోరుట సులభము. చదువరులను కోరుటకే మేము కొంత సంకోచించుచున్నాము, అయినను కోరుచున్నాము. ఇల్లు కట్టించు గృహస్థులు కంకర ఏ కొండదో వ్రాతమూలకముగా చెప్పనిదే కొనకుందురు గాక. కొండపాదమున భూములున్న రైతులు తమ పొలము మీదుగా రాతి లారీలకు దారి యీయకుందురు గాక. ఆ దారి అద్దె యొక కారు పంట వెలకు సరిరాదు. ఇంజనీరింగు కళాశాలల అధ్యాపకులు విద్యార్థుల చేత ఆ గుహల కొలతలు తీయించి, ప్రతి పగులును ఫొటో తీయించి, ఏటేట దానిని సరిచూచుటకు ఏర్పాటు చేయవలెను. ఈనాటి యంత్రములతో స్తంభము వెంట్రుకవాసి కదలినను తెలియును, ఆ యంత్రములు మన కళాశాలలలో లేకపోలేదు. ఆలయములముందు నిలుపు పలకలపై రాజవంశముల తగవునంతయు వ్రాయక, ఈ గుడి యెట్లు చెక్కబడెనో తేటతెలుగున నాలుగు మాటలు వ్రాయింపవలెను. బడిపిల్లవాడు అది చదివి తలయెత్తి కప్పును చూచునపుడు ఉలిగాట్లు తానే గుర్తింపగలుగును.

వర్షకాలము ముందున్నది. కొండల నెత్తిన నీరు నిలువక ప్రక్కకు పోవుటకు చిన్న కాలువలు తీయుట, పగుళ్ళలో మొలచిన రావి, మఱ్ఱి మొక్కలను వేరుతో పెఱుకక మొదలు కోసి మందు రాయుట, మూసికొనిపోయిన పాత నీటిదారులను తెఱచుట, ఇవి పురావస్తు శాఖవారి పర్యవేక్షణలో కొలదిమంది పనివారితో పక్షము దినములలో ముగియు పనులు. ఉండవల్లిలోను, మొగల్రాజపురములోను ఈ పని తొలకరికి ముందే జరుగవలెను.